శాంతియాగో పాదయాత్ర

స్పెయిను దేశమునకు వాయవ్యమూలను గలీషియా యను సీమ కలదు. ఎడతెగని వానలు, పచ్చిక బయళ్ళు, నల్లని రాతిపలకలు కప్పిన యిండ్లు, ఆవులమందలు గల యా సీమను చూచినవారు స్పెయిను ఎండల దేశమను మాటను నమ్మజాలరు. అందు శాంతియాగో దె కొంపొస్తేలా యను పట్టణము క్రైస్తవులకు మహాక్షేత్రము. ఏసుక్రీస్తు శిష్యులలో నొకరగు యాకోబుగారి సమాధి యచట నున్నదని తొమ్మిదవ శతాబ్దము మొదలు వారి విశ్వాసము. మన పెద్దలు కాశికి నడచిపోయినట్లే ఐరోపాఖండపు జనులు వేయేండ్లకు పైబడి యా క్షేత్రమునకు నడచిపోవుచున్నారు. రైళ్ళు వచ్చిన పిదప కాశికి నడచువా రరుదైరి గాని, యీ బాటను నడచువారు మాత్రము నానాటికి హెచ్చుచున్నారు. 2024వ సంవత్సరమున యాత్రాపత్రమును పుచ్చుకొన్నవారు సుమారు అయిదులక్షలమంది. అందు సగమునకు మించి స్త్రీలే.

ఆ సంవత్సరము మే నెలలో ఆ లక్షలలో మేమేడ్గురమును చేరితిమి. మేము ఇంగ్లండులో బర్మింగుహాము నగరము చుట్టుపట్ల కాపురమున్నవారము. ఐదుగురము తెలుగువారము, తక్కిన యిద్దరును మా యిరుగుపొరుగున నుండు ఇంగ్లీషు సోదరీమణులు. వారిలో నొకరు చిరకాలము ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించినవారు. మేము పోయినది పుణ్యమున కని చెప్పజాలము. స్త్రీలకు రొమ్మునందు వచ్చు కాన్సరు వ్యాధినిగూర్చి మన స్త్రీలకు మన భాషలో తెలియజెప్పుటకు కావలసిన సొమ్ము కూర్చుటకై పోయితిమి.

నడచినంతమాత్రమున సొమ్మెట్లు వచ్చునని చదువరు లడుగవచ్చును. ఇంగ్లండులో నిది యాచారమైనది. ఒకరు ఒక కష్టమైన పనిని పూనుదురు. బంధుమిత్రులు "మీరది నెరవేర్చినచో ఫలానా ధర్మమునకు ఇంత యిత్తు"మని చందా వేయుదురు. లండను నగరములో 1998వ సంవత్సరము మొదలు స్త్రీలు ఈ కాన్సరు నిమిత్తమే వేలకొలదిగ గుమిగూడి అర్ధరాత్రివేళ వీథులలో నడచుచున్నారు. అదియును పూసలు, పువ్వులు, తళుకులు కుట్టిన బాడీలను పైకి తెలియునట్లుగ ధరించి! ఈ సంగతి విని మాతో వచ్చిన పెద్దామె చెవులు మూసికొని, "రామ రామ! మనం చీరలు కట్టుకునే నడుద్దాం" అనిరి. అన్నట్లే ఆమె తుదివరకు చీరతోనే నడచిరి.

విదేశమునకు పోయి నడచుట విలాసము గాదా యను ప్రశ్న మమ్మును గొందరడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కొన్ని యాత్రలలో కూర్చిన చందానుండియే ప్రయాణవ్యయము తీయుదురు. ఇచ్చువారు రోగులకని యిత్తురు. అది విమానపు టిక్కెట్టుక్రింద పోవును. అది మాకు సమ్మతము గాలేదు. మేము మా రాకపోకలు, తిండి, బస సొంతసొమ్ముతో జరుపుకొంటిమి. చందా మొత్తము నొక్క పెన్నీయైన తీయక వేరుగా నుంచితిమి. మీదుమిక్కిలి ఆవకాయ, మాగాయ సీసాలు నాలుగు ఆదివారములు అమ్మి కొంత చేర్చితిమి. నిజము చెప్పవలెనన్న నడకకంటె ఆవకాయయే యెక్కువ ధైర్యముగ చందా తెచ్చినది.

మేము బయలుదేరిన యూరు సార్రియా. అచటినుండి శాంతియాగోకు దాదాపు నూటపదునైదు కిలోమీటరులు. నూరు కిలోమీటరులకు తక్కువగాక నడచినవారికి యాత్రాపత్ర మిత్తురు గావున, సెలవు తక్కువగా గలవారందరు సార్రియానుండియే మొదలుపెట్టుదురు. చేత నొక చిన్న పుస్తకము నుంచుకొని, త్రోవలోని చర్చీలలోను కాఫీ దుకాణములలోను సత్రములలోను దినమునకు రెండేసి ముద్రలు వేయించుకొనవలెను. త్రోవ తప్పుట కవకాశము లేదు. గోడలమీద, చెట్లమీద, రాళ్ళమీద పసుపుపచ్చని బాణపు గుర్తులు కనబడుచుండును. ఎలియాస్ వాలీన్యా యను పల్లెటూరి పాదిరి యొకరు 1984వ సంవత్సరమున పసుపు రంగు డబ్బాతో బయలుదేరి ఈ గుర్తులు పెట్టుట కారంభించిరట. ఇప్పుడు ప్రపంచమంతటినుండి వచ్చువారు వానిని నమ్ముకొనియే నడచుచున్నారు.

మా బృందములో పెద్దవారు అరువదినాలుగేండ్ల యామె. తెనాలి ప్రాంతమువారు, కుమారునితో కాపురమునకు వచ్చి పదిపండ్రెండేండ్లైనది. కోడలును మాతోడనే వచ్చినది. మేమందరమును ఆమెను పిన్నిగారనియే పిలుతుము. నేతచీర కొంచె మెత్తుగా కట్టి, కాళ్ళకు నడకబూట్లు తొడిగి, రెండుచేతుల రెండు కఱ్ఱలు పట్టి ఆమె నడచుచుండగా, పరదేశ యాత్రికులు ఫోటోలు తీయబోయిరి. "అడక్కుండా తీస్తారేమర్రా, నేనేమైనా ఏనుగునా?" యని ఆమె కసరుకొనుచుండిరి. ఎడమచేతికి మణికట్టు మొదలు భుజమువరకు బిగువైన మేజోడువంటి తొడుగొకటి యెల్లప్పుడు ధరించెడివారు. కీళ్ళనొప్పులకని చెప్పిరి. మేమును నమ్మితిమి.

మొదటిదినమున ఇరువదిరెండు కిలోమీటరులు నడచి సాయంకాలమునకు మీన్యో నదిమీది వంతెన దాటి పోర్తోమరీన్ అను నూరు చేరితిమి. ఈ యూరి చరిత్ర వినదగినది. పాతయూరు నదియొడ్డున నుండెడిది. 1963లో పూర్తియైన బెలెసార్ ఆనకట్ట నీటిలో నది మునిగిపోయినది. మునుగుటకు ముందు కోటవలె నున్న పండ్రెండు, పదుమూడు శతాబ్దములనాటి చర్చిని రాయి రాయిగా విప్పి, ఒక్కొక్క రాతికి నంకె వేసి, గట్టుమీదకు మోసి, మరల నట్లే పేర్చిరి. ఆ యంకెలు నేటికిని గోడలమీద కనబడును. మేము వ్రేలితో తడవి చూచితిమి. మనదేశములో శ్రీశైలము ఆనకట్ట నీట మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును ఇట్లే విప్పి అలంపురమునకు చేర్చిరి గదా. ఆ సంగతి పిన్నిగారు జ్ఞప్తిచేసిరి. ఆమె చాలసేపు ఆ గోడయొద్దనే నిలిచి, "దేన్ని ఎక్కడ నుంచి తీశారో రాసిపెట్టుకున్నారు కాబట్టి మళ్ళీ పెట్టగలిగారు" అనిరి. ఆ మాటలోని యర్థము మాకప్పుడు తెలియలేదు. వాన మొదలుకాగా బసకు పరుగెత్తితిమి.

రెండవదినమంతయు వానయే. పాలాస్ దె రేయ్ వరకు ఇరువదియైదు కిలోమీటరులు. బురద, బొబ్బలు తప్ప చెప్పుకొనదగిన దేమియు లేదు.

మూడవదినమున వాన వెలిసినది. ఓకుచెట్లు, చెస్ట్‌నట్ చెట్లు రెండువైపుల కమ్ముకొన్న పల్లపుదారులలో నడక. ప్రతి యింటిముందును స్తంభములమీద నిలిపిన యిఱుకైన రాతిగాదె యొకటి యుండును. మొక్కజొన్నకంకులు తడియకుండ, ఎలుకలు చేరకుండ స్తంభముల తలలమీద పెద్దరాతి పలకలుంతురు. మన పల్లెలోని గాదెను రాతితో కట్టి కాళ్ళమీద నిలిపినట్లుండును. అట్టి గాదె నీడలో నొక నీటికుళాయియొద్ద విశ్రమించియుండగా స్పెయినుదేశపు స్త్రీ యొకతె, ఒంటరిగా నడచుచున్నది, సీసాలో నీరు పట్టుటకు వచ్చినది. ఆమెకు ఏబదియేండ్లుండును. తలవెండ్రుకలు వ్రేలెడు పొడవే. పిన్నిగారి చేతితొడుగును చూచి ఆగి, తన చొక్కాచేతిని పైకి మడచినది. ఆమె కుడిచేతికిని అట్టి తొడుగే! ఆమెకు తెలుగు రాదు. పిన్నిగారికి స్పెయినుభాష రాదు. ఆమె తన రొమ్మును చేతితో తాకి చూపి, కనుబొమలెత్తి ప్రశ్నార్థకముగ చూచినది. పిన్నిగారు క్షణము తటపటాయించి, తన యెడమరొమ్ముపై చేయి యుంచుకొని తల యూచిరి. ఇద్దరును ఒకరి చేతులొకరు పట్టుకొని కొంతసేపు నిలిచిరి. ఆమె సాగిపోయిన పిదప పిన్నిగారు మావైపు తిరిగి, "ఈవిడకీ నా జబ్బేనర్రా" అనిరి.

మాలో కోడలికి తప్ప నెవరికిని తెలియదు. నర్సుగారు మాత్రము ఆ తొడుగును మొదటిదినముననే గుర్తించి, పరుల రహస్యమని మిన్నకుండిరట. రొమ్ములోని కాన్సరు చంకలోని గ్రంథులకు వ్యాపించినదేమో యని ఆ గ్రంథులను తీసివేసినచో, కొందరికి చేతిలోని నీరు దిగక వాపు వచ్చును. ఆ వాపు పెరుగకుండ నీ తొడుగు. ఆ చేతికి దెబ్బ తగులనీయరాదు. ఆ భుజముమీద బరువైన సంచి పట్టీ ఒరయరాదు. పిన్నిగారు తమ సంచిని దినదినమును బండివానికి కొన్ని యూరోలిచ్చి ముందూరికి పంపుచుండుట పిసినితనమెరుగని సోమరితనమని మేము పరిహాసమాడితిమి. ఆమె నవ్వి యూరకుండిరి.

ఆ మధ్యాహ్నము మెలీదె చేరువరకు ఆమె నడచుచునే చెప్పినది, మేము విన్నది. ఇంగ్లండులో ఏబది దాటినది మొదలు డెబ్బదియొక్కటవ యేడు వచ్చువరకు స్త్రీలకు మూడేండ్లకొకమారు రొమ్ము ఎక్సురేకు రమ్మని ప్రభుత్వము వారు జాబు వ్రాయుదురు. ఖర్చేమియు లేదు. జాబు ఇంగ్లీషులో నుండును. 2019లో వచ్చిన జాబును కోడలు చదివి వినిపించినది. "నాకేం నొప్పా, గడ్డా? పరాయివాళ్ళముందు రవిక విప్పనా?" యని పిన్నిగారు నిరాకరించిరి. పరీక్ష చేయువారందరు స్త్రీలేయని చెప్పి కోడలు బలవంతముగ తీసికొనిపోయినది. చేతికి తగులని చిన్న కణితి ఎక్సురేలో కనబడినది. చిన్నదైనను చంకలోని గ్రంథులలో నొకటిరెండింటికి సోకినది. శస్త్రచికిత్స, కిరణచికిత్స, పిదప దినమున కొక మాత్ర. ఆమె బ్రతికినది. తెనాలికి మాత్రము "పిత్తాశయంలో రాళ్ళు తీశారు" అని ఫోనులో చెప్పించినది.

"మా అక్క చెప్పలేదు," అనిరి పిన్నిగారు. "నాకు పదేళ్ళు పెద్దది. రొమ్ములో గడ్డ ఉందని రెండేళ్ళు దాచుకుంది. పసుపు నూరి కట్టింది, వేపాకు కట్టింది. పుండై చీరకు అంటుకునే దాకా ఎవరికీ తెలియదు. ఎందుకే చెప్పలేదని అడిగితే, 'ఇంటినిండా మగవాళ్ళే, ఎవరితో చెప్పనే?' అంది. 1994లో పోయింది. నేనూ అదే చేశాను కదర్రా. బతికి కూడా అదే చేశాను."

మన పెద్దలు దీనిని రాచపుండనిరి. ఆ పేరే భయంకరము. అయినను ఈ వ్యాధి మొదట పుండుగా రాదు, నొప్పిగా రాదు. సామాన్యముగ నొప్పిలేని చిన్నగడ్డగా వచ్చును. నొప్పిలేదు గనుక నేమియు గాదని స్త్రీలనుకొందురు, అదియే ప్రమాదము. చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి లాగుకొనుట, చనుమొననుండి నెత్తురు కారుట, చంకలో బిళ్ళ తగులుట గూడ గుర్తులు. ఇట్టి గడ్డలలో పెక్కు కాన్సరు గావు. అది తేల్చవలసినవారు వైద్యులేగాని పసుపుముద్ద గాదు. 2022వ సంవత్సరమున భారతదేశములో సుమారు లక్షతొంబదిరెండువేలమంది స్త్రీల కీ వ్యాధి కొత్తగా కనబడినదనియు, దాదాపు తొంబదెనిమిదివేలమంది మరణించిరనియు అంతర్జాతీయపు లెక్క. వచ్చినవారిలో సగముమంది పోవుటకు వ్యాధియొక్క క్రౌర్య మొక్కటియే కారణము గాదు; ఆలస్యముగ వచ్చుట ముఖ్యకారణము. మనదేశములో నందరికి ఎక్సురే యంత్రములు లేవు. అంతమాత్రమున చేతులు ముడుచుకొన నక్కరలేదు. ముంబయిలోని టాటా ఆసుపత్రివారు 1998 మొదలు లక్షన్నరమంది పేదస్త్రీలపై నొక పరిశోధన సాగించిరి. తరిఫీదు పొందిన స్త్రీలు రెండేండ్లకొకమారు చేతితో రొమ్ములను పరీక్షించుచు వచ్చిరి. ఏబది దాటినవారిలో ఈ వ్యాధివలని మరణములు దాదాపు మూడవవంతు తగ్గినవని 2021లో ప్రకటించిరి. యంత్రము లేదు, మందు లేదు. తెలిసిన చేయి, దాచని రోగి.

మెలీదెలో నూరివారందరు ఉడికించిన అష్టపాది యను సముద్రజంతువును కొయ్యపళ్ళెములలో ఆరగించుచుండిరి. మాలో శాకాహారులకు ఈ సీమలో భోజనము కొంచెము కష్టమే. ఆకుకూర చారని తెచ్చినదానిలో పందికొవ్వుండును. రొట్టె, జున్ను, బంగాళాదుంపలతో దినములు గడుపవలెను. అయితే పద్రోన్ మిరపకాయలని యొకటి కలదు. చిన్న పచ్చిమిరపకాయలను నూనెలో వేచి ఉప్పురాళ్ళు చల్లి పెట్టుదురు. పదింట తొమ్మిది చప్పగా నుండును; ఏదో యొకటి చుర్రుమనును. ఏది యగునో తిన్నదాక తెలియదు. ఇంగ్లీషు సోదరీమణులు బిత్తరపోవుచు తినుచుండగా, తెలుగువారము పళ్ళెములో కారపుకాయ యెవరికి దొరకునాయని పోటీపడితిమి. పిన్నిగారు సంచినుండి మాగాయ తీయుసరికి పక్కబల్లవారు గూడ చేయి చాచిరి.

తరువాతి రెండుదినములు అర్సూవా, ఓ పెద్రౌసో ఊళ్ళమీదుగా నడచితిమి. త్రోవపొడవున నీలగిరిచెట్ల వనములు. ఆస్ట్రేలియానుండి తెచ్చి నాటినవి. వాసనకు బాగుండును గాని క్రింద గడ్డి మొలవనీయవు, నిప్పంటిన క్షణములో మండును. ఊరివారికే వానిపై సుముఖత లేదు. ఈ రెండుదినములలో పిన్నిగారి నడక మారినది. అంతకుముందు వెనుక కోడలితో నడచెడియామె, ఇప్పుడు ముందు నడచుచు, దారిన కలిసిన ప్రతి స్త్రీతోను చేతితొడుగు చూపి సైగలతో మాటలాడుచుండెను. కోడలు దుబాసి. జర్మనీ యామె, కొరియా యామె, బ్రెజిలు యామె యందరికిని తెనాలి అక్కగారి కథ తెలిసినది. తెనాలికి మాత్ర మింకను తెలియదు.

ఆరవదినమున మోంతె దొ గోసో, అనగా ఆనందపు గుట్ట, ఎక్కితిమి. పూర్వయాత్రికు లచటినుండి చర్చి గోపురములను తొలిసారి చూచి ఆనందబాష్పములు రాల్చెడివారట. మధ్యాహ్నమునకు పెద్దచర్చి ముందరి మైదానము చేరితిమి. జనులు సంచులు తలక్రింద నుంచుకొని నేలపై పరుండి గోపురములను చూచుచున్నారు. చర్చిలోపల 1188వ సంవత్సరమున మతేయో యను శిల్పి నిలిపిన రాతి ద్వారమున్నది; అందలి ప్రవక్త దానియేలు విగ్రహము మొగమున చిరునవ్వు కలదు. మన శిల్పములయందు నవ్వు వింతగాదు గాని, ఐరోపాలో ఆ కాలమున నట్టి నవ్వరుదని చెప్పుదురు. చూడదగినవి మరియు నెన్నో కలవు. కాళ్ళనొప్పులతో అంతకుమించి చూడలేదు.

యాత్రాపత్రములిచ్చు కచేరీలో వరుసలో నిలిచితిమి. పత్రము లాటినుభాషలో నుండును. వచ్చిన కారణమడుగుదురు, భక్తికిగాని ఆత్మచింతనకుగాని వచ్చితిమన్నవారికి ఆ పత్రమును, తక్కినవారికి వేరొక పత్రమును ఇత్తురు. అచట నొక పద్ధతి యున్నది. నడువలేని రోగికొరకుగాని చనిపోయినవారికొరకుగాని నడచితిమన్నచో, వారి పేరును గూడ "ఫలానావారి బదులు" అని పత్రములో వ్రాసియిత్తురు. ఈ సంగతి నర్సుగారికి తెలిసి పిన్నిగారికి చెప్పిరి. పిన్నిగారు బల్లయొద్దకు పోయి, కోడలిచేత అక్కగారి పేరు చెప్పించిరి. ఆ గుమాస్తా యువకునికి ఆ పేరు తలకెక్కలేదు. అక్షరమక్షరము చెప్పుమన్నాడు. ఆ గది నిండ జనము. పిన్నిగారే ముందుకు వంగి, ఒక్కొక్క అక్షరము గట్టిగా పలికి, ఇంటిపేరుతో సహా వ్రాయించిరి. ఏ వ్యాధితో పోయినదని అతడడుగలేదు. ఆమెయే చెప్పినది. అతడు కలము నిలిపి వినెను. ఆ పేరిచట వ్రాయము; అది వారి యింటి సొత్తు.

మరునాడు బొనవాల్ అను పేటలోని పాతమఠమునకు పోయితిమి. అచట గలీషియా కవయిత్రి రొసాలియా దె కాస్త్రోగారి సమాధి కలదు. ఆమె 1837లో ఈ పట్టణముననే పుట్టినది. ఆ కాలమున గలీషియా భాష పల్లెజనుల మాటలాడు భాషయేగాని గ్రంథములకు తగదని పెద్దలు చులకన చేయుచుండగా, 1863లో ఆ భాషలోనే పద్యసంపుటమును ప్రకటించినది. నేడు మే 17వ తేదిని ఆ గ్రంథము పేరనే గలీషియావారు భాషాపర్వముగ జరుపుకొనుచున్నారు. పొట్టకూటికై మగవారు క్యూబా మొదలగు దూరదేశములకు వలసపోగా ఇంట మిగిలిన స్త్రీలను, భర్తలు బ్రతికియుండియు వితంతువులైనవారని ఆమె పాడినది. గర్భాశయపు కాన్సరుతో 1885లో, నలువదియెనిమిదవయేట, పద్రోన్ గ్రామమున మరణించినది. సముద్రము చూచెదను కిటికీ తెరువుడని తుదిమాటగ అడిగినదట. ఆ యూరినుండి సముద్రము కనబడదు. రొమ్ముకాన్సరువలెనే గర్భాశయముఖమున వచ్చు కాన్సరుకును నేడు ముందుగ కనిపెట్టు పరీక్షలును, ఆడపిల్లలకు రాకుండ కాపాడు టీకాయును గలవు. పిన్నిగారు సమాధిపై నొక పసుపుపచ్చని పువ్వుంచి, "ఈవిడ ఎవరికైనా చెప్పుకుందో లేదో" అనిరి.

ఇంగ్లండు చేరిన పిదప చందా లెక్క చూచి పంచితిమి. కొంత గుంటూరు జిల్లా పల్లెలలో ఆడవైద్యులచే స్త్రీలను పరీక్ష చేయించుటకు పంపితిమి. మిగిలినది తెలుగు కరపత్రములకు. కరపత్రమునకు పేరు పెట్టుటలో వాదము వచ్చినది. "ఛాతీ కాన్సరు" అనుట మర్యాదయని కొందరు, "వక్షస్థలము" అనవలెనని యొకరు పట్టుపట్టిరి. పిన్నిగారు వినివిని, "ఛాతీ అంటే గుండెజబ్బు అనుకుంటారు. మా అక్కకు వచ్చింది రొమ్ములోనే. నాకు వచ్చిందీ రొమ్ములోనే. ఆ మాటే పెద్ద అక్షరాలతో వేయండి" అనిరి. అట్లే వేయించితిమి. క్రింద ఎక్సురే జాబు వచ్చినప్పుడు ఏమి చేయవలెనో, ఇంగ్లీషు రానివారు దుబాసిని ఎట్లడుగవలెనో వ్రాసితిమి.

ఆ నెలలోనే పిన్నిగారు తెనాలికి ఫోను చేసి, పిత్తాశయములో రాళ్ళు కావని చెప్పిరి. అక్కగారి కుమార్తె లిద్దరు మరువారమే వైద్యురాలియొద్దకు పోయి చూపించుకొనిరి. మా యూరికి సమీపమున టివిడేలులో వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. ఆలయమువారి యనుమతితో పాదరక్షలు విడుచుచోట పిన్నిగారు కరపత్రములు పట్టుకొని శనివారమునాడు నిలుచుచున్నారు. మగవారు ముందు చేయి చాపినచో, "మీ ఇంట్లో ఆవిణ్ణి రమ్మనండి నాయనా" యని వెనుకకు పంపుచున్నారు. మొదటి కట్ట అయిపోయినది. రెండవది అచ్చుకు పోయినది.